నిప్పు నాలుగో అంతస్తులోనే

భీమలంక కార్పొరేషను అయిన రోజు నుంచి ఆ ఊరి పెద్దలకు మెడనొప్పి పట్టుకుంది. పక్క జిల్లా కేంద్రంలో పద్నాలుగు అంతస్తుల మేడ లేచింది మరి. ఆ మేడ భీమలంక నుంచి కనపడదు. మధ్యలో గోదావరి పాయ, దాని అవతల కొబ్బరితోటలు. అయినా అటువైపు తలెత్తి చూసీ చూసీ మేయరుగారికీ, వర్తక సంఘం వారికీ మెడలు పట్టేశాయి. చివరికి ఓనాడు కౌన్సిలు సమావేశంలో మేయరుగారు లేచి, "పద్నాలుగు కట్టినవాళ్ళే నగరవాసులైతే, ఇరవై ఎనిమిది కట్టబోయే మనం ఏమవుతాం?" అని అడిగారు. సభ్యులు బల్లలు చరిచారు. ఏమవుతామో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అలా నడిబొడ్డున, గడియార స్తంభం పక్కన ఉన్న పాత కూరగాయల మార్కెట్టు ఎగిరిపోయి 'అంబర హైట్స్' లేచింది. కట్టినవాడు మంతెన ప్రసాదరాజు. ఇరవై ఎనిమిది అంతస్తులు, అంతస్తుకి నాలుగేసి ఫ్లాట్లు. ఊరివాళ్ళు సైకిళ్ళు ఆపి, మోటారుసైకిళ్ళు ఆపి, నోళ్ళు తెరిచి పైకి చూసేవాళ్ళు. ఆపకుండా చూసినవాళ్ళు ఎదుటి బండిని గుద్దేవాళ్ళు.

నాలుగో అంతస్తులో 403 నంబరు ఫ్లాటు పుల్లేటికుర్తి సుభాషిణిది. ఆమె టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరందరి మాటలూ ఆమె చెవుల్లోంచే అటూ ఇటూ వెళ్ళాయి. ఎవరి పిల్ల ఎవరికి నచ్చలేదో, ఎవరి బావగారు ఎవరితో మాట్లాడ్డం మానేశాడో అన్నీ విన్నది. రిటైరయ్యాక ఆమె కోరుకున్నది ఒక్కటే, నిశ్శబ్దం. ప్రసాదరాజు ఫ్లాటు చూపించిన రోజున బాల్కనీ అద్దాల తలుపు మూసి, "మేడంగారూ, నేను కిందికెళ్ళి గట్టిగా అరుస్తాను. వినపడితే కొనకండి" అన్నాడు. వెళ్ళాడు. వినపడలేదు. ఆమె కొనేసింది. అతను నిజంగా అరిచాడో లేదో కనుక్కోవాలన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఆమె భర్త మార్కండేయులు ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాడు. మంచి భోజనప్రియుడు. షుగరు వచ్చిన దగ్గర్నుంచి సుభాషిణి ఆయనకి గోధుమరవ్వ, దొండకాయ తప్ప మూడో వస్తువు చూపించడం లేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది తక్కువ, మాటలు అంతకన్నా తక్కువ. సుభాషిణికి స్వర్గంలా ఉండేది. మార్కండేయులికి దొండకాయలా ఉండేది.

మన దగ్గర గృహప్రవేశాలు ముందు జరుగుతాయి, అనుమతులు తీరిగ్గా వస్తాయి. అన్ని అంతస్తుల్లోనూ పాలు పొంగిన తర్వాత, అగ్నిమాపక శాఖ వారి నిరభ్యంతర పత్రం ఇంకా రాలేదని ఎవరో గుర్తుచేశారు. అందుకని ఓ ఉదయం ఫైరింజను వచ్చింది.

సుభాషిణి అప్పుడు బాల్కనీలో కూర్చుని ఉంది. పిట్టగోడ మీదుగా ముందు ఒక టోపీ కనపడింది. దాని కింద మీసాలు, మీసాల కింద జిల్లా అగ్నిమాపక అధికారి దండు వీరవసంతరావు. ఆయన నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి నమస్కారం పెట్టారు.

"ఇది ఎన్నో అంతస్తమ్మా?"

"నాలుగండి."

ఆయన తల వెనక్కి వంచి చూశారు. "దీనిమీద ఇంకా ఉన్నాయా?"

"ఇరవై నాలుగున్నాయండి."

ఆయన కిందికి వంగి, "ఒరేయ్ పోలయ్యా, ఇంకా లేపరా!" అని కేకేశారు.

కింద ఫైరింజను దగ్గర్నుంచి డ్రైవరు పోలయ్య, "ఇంకేం లేదండయ్యా! నిచ్చెనంతా అయిపోయిందండి, ఆయ్!" అన్నాడు.

వీరవసంతరావు కాసేపు గాలిలో ఆలోచించారు. తర్వాత భవనానికి మిగతా మూడు వైపులా నిచ్చెన వేయించి చూశారు. తూర్పున ట్రాన్స్‌ఫార్మరు అడ్డం. పడమర డ్రైనేజీ కాలువ. ఉత్తరాన మేయరుగారి జన్మదిన శుభాకాంక్షల బోర్డు, దాన్ని కదపడానికి ఎవరికీ ధైర్యం లేదు. నిచ్చెన అందేది ఒక్క 403 బాల్కనీకే అని తేలింది.

మేయరుగారి గదిలో సమావేశం పెట్టారు. పొడుగు నిచ్చెన కొందామంటే, అంత పొడుగు బండి గడియార స్తంభం దగ్గర మలుపు తిరగదు. స్తంభం తీసేద్దామంటే, అది ఆగిపోయి చాలా ఏళ్ళయినా వారసత్వ కట్టడమట. గోడల్లో నీళ్ళ గొట్టాలు ఉన్నాయిగా అని ప్రసాదరాజు అన్నాడు. గొట్టాలు ఉన్న మాట నిజమే, నీళ్ళే ఆరో అంతస్తు దాటడం లేదు.

"అంతస్తులు తగ్గిస్తే?" అని ఇంజనీరొకాయన నెమ్మదిగా అన్నాడు.

మేయరుగారు మెడ తడుముకున్నారు. ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది.

అప్పుడు వీరవసంతరావు లేచారు. "శాస్త్రీయంగా పరిశీలిద్దామండి. నిచ్చెన మంట దగ్గరికి వెళ్ళలేని పరిస్థితి ఉత్పన్నమైంది. అటువంటప్పుడు మంటే నిచ్చెన దగ్గరికి రావాల్సి ఉంటుంది. వేరే మార్గాంతరం శాఖకు గోచరించడం లేదు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు ప్రసాదరాజు నెత్తి కొట్టుకున్నాడు. నిరభ్యంతర పత్రం ఆ సాయంత్రమే వచ్చింది. దాని అడుగున ఒక షరతు ఉంది.

"సదరు భవనమునందు నివసించువారెల్లరూ తమ తమ మంటలను, నిచ్చెన చేరగల ఏకైక స్థలమైన 403 నంబరు ఫ్లాటునందు మాత్రమే మండించుకొనవలెను. అన్యత్ర మండించిన మంటలను ఆర్పుటకు ఈ శాఖ బాధ్యత వహించదు. మండించినవారిని మాత్రం ఉపేక్షించదు."

ఆ కాగితం పట్టుకుని వీరవసంతరావు, ప్రసాదరాజు, నివాసుల సంఘం కార్యదర్శి లంకా ఉమాపతి ముగ్గురూ సుభాషిణి ఇంటికి వచ్చారు. ఉమాపతి ఇరవై రెండో అంతస్తులో ఉంటాడు. దేనికైనా ముందు చేతులు జోడించి తర్వాత మాట్లాడే మనిషి.

"ఇది నా వంటిల్లండీ!" అంది సుభాషిణి.

"వంటిల్లు నిస్సందేహంగా మీదేనమ్మా," అన్నారు వీరవసంతరావు. "మంట మాత్రం శాఖ పరిధిలోకి వస్తుంది."

"వాళ్ళని కరెంటు పొయ్యిలు పెట్టుకోమనండి."

"కరెంటా! అమ్మా, మా రికార్డుల్లో ప్రతి అగ్ని ప్రమాదానికీ కారణం షార్ట్ సర్క్యూట్ అనే రాసి ఉంటుంది. ఏం జరిగినా అదే రాస్తాం. అంత ప్రమాదకరమైన దాన్ని ఎలా అనుమతిస్తాం?"

"నేనొప్పుకోనంటే?"

"పత్రం రద్దవుతుంది. భవనం ఖాళీ చేయించాల్సి ఉంటుంది. నూరు పైచిలుకు కుటుంబాలు పరుపులూ బీరువాలతో మెయిన్ రోడ్డు మీదికొస్తాయి. వారిలో తమరూ ఉంటారు."

ఉమాపతి చేతులు జోడించాడు. "సుభాషిణిగారూ, మా అమ్మకి ఎనభై దాటాయండి. వేన్నీళ్ళు లేకపోతే స్నానం చెయ్యదు. స్నానం లేకపోతే పచ్చి మంచినీళ్ళు ముట్టదు. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటానండి."

సుభాషిణి అద్దాల తలుపు వైపు చూసింది. దాని అవతల ఊరంతా చప్పుడు లేకుండా కదులుతోంది. ఆ నిశ్శబ్దం చూడ్డం అదే ఆఖరు అని ఆమెకి అర్థమైంది. లోపల్నుంచి మార్కండేయులు, "పోనిద్దూ, పాపం పెద్దావిడ," అన్నాడు. నూరు కుటుంబాల వంట తన ఇంట్లో జరగబోతోందన్న లెక్క అప్పటికే ఆయన వేసుకున్నాడు.

మర్నాడు తలుపు మీద 'అధీకృత అగ్ని స్థలము' అని ఎర్రరంగు బోర్డు వెలిసింది.

తెల్లవారకముందే లిఫ్టులు నిండిపోయాయి. ఎసరు గిన్నెలు, ఇడ్లీ కుక్కర్లు, పాలగిన్నెలు, పాపాయి సీసాలు, పంతొమ్మిదో అంతస్తువారి సాంబారు డేగిసా. వంటింట్లో పొయ్యిలు చాలక హాల్లో పెట్టారు. హాలు చాలక పడగ్గదిలో పెట్టారు. మార్కండేయులి మంచం నిలబెట్టి గోడకి ఆనించారు. తిరగమోతలు ఒకేసారి చిటపటలాడితే ఇంట్లో తుపాకులు పేలుతున్నట్టుంది. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. మా పప్పెక్కడ, మీ మూత నాకొచ్చింది, ఇది ఉప్పు వేసిందా వెయ్యందా.

సుభాషిణి రెండు రోజులు చెవుల్లో దూది పెట్టుకుని బాల్కనీలో కూర్చుంది. మూడోనాడు ఎవరి పులుసులోనో ఎవరో పాలు పోశారు. రెండు అంతస్తుల ఆడవాళ్ళు గరిటెలు పైకెత్తారు. ఆమె దూది తీసేసి లేచింది. ఇంటర్‌కం ఫోను తెచ్చి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుంది. అంతే, ముప్ఫై ఏళ్ళు చేసిన పని గొంతులోకి దానంతటదే వచ్చేసింది.

"హలో, పదిహేడు? మీ పప్పు మూడు కూతలు కూసింది, వచ్చి దింపుకోండి. హలో, తొమ్మిదా? మీ ముందు ఇద్దరున్నారు, లైన్లో ఉండండి. ఇరవై రెండు, ఉమాపతిగారూ, మీ అమ్మగారి వేన్నీళ్ళు బయల్దేరాయి, లిఫ్టు దగ్గర అందుకోండి."

పని గాడిలో పడింది. మార్కండేయులు గిన్నె గిన్నెకీ వెళ్ళి ఉప్పు చూసేవాడు. ఉప్పు చూడ్డానికి అరగరిటె చాలదని ఆయన అభిప్రాయం. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, బొమ్మిడాయిల పులుసు, అన్నిట్లోనూ ఉప్పు సరిపోయిందని తేల్చేసరికి పూట గడిచిపోయేది. నెల తిరక్కుండా ఆయన బుగ్గలు గుండ్రంగా అయ్యాయి.

శాఖ వారు తనిఖీలు మొదలుపెట్టారు. పదకొండో అంతస్తులో ఒకావిడ దేవుడి దగ్గర దీపం పెట్టి దొరికిపోయింది. ఆ రోజు నుంచి దేవుళ్ళు కూడా నాలుగో అంతస్తుకి దిగారు. సుభాషిణి పుస్తకాల బీరువా ఖాళీ చేసి అరలకి అంతస్తుల నంబర్లు అంటించింది. అగరొత్తులు దిగాయి. దోమల చుట్టలు దిగాయి, దోమలు మాత్రం పైనే ఉండిపోయాయి. సిగరెట్లవాళ్ళు దిగి బాల్కనీ ఆక్రమించారు. పుట్టినరోజు పిల్లలు కేకులు పట్టుకుని దిగి, కొవ్వొత్తి ఊది, మళ్ళీ లిఫ్టెక్కేవారు.

ఆఖరికి పెళ్ళి వచ్చింది. ఇరవై ఐదో అంతస్తు వాళ్ళమ్మాయి పెళ్ళి మేడ మీద టెంటు వేసి చేస్తున్నారు. హోమం మాత్రం నాలుగో అంతస్తులో చెయ్యాలి. ముహూర్తం ముంచుకొస్తుంటే వధూవరులు, పురోహితుడు, సన్నాయివాళ్ళు ఒకే లిఫ్టులో దిగారు. ఆ సమయంలో ఇల్లంతా పొయ్యిలే. పొగలో ఏది హోమగుండమో తెలియలేదు. చెంగు ముడితో వాళ్ళు గబగబా ఏడడుగులూ నడిచేశాక, ఒక ముసలమ్మ, "అదేంటమ్మా, మా సాంబారు చుట్టూ తిరిగారు!" అంది.

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. "నిప్పు నిప్పేనమ్మా. అందులో సాంబారుంటే ఇంకా శుభం. కానివ్వండి."

అలా పంతొమ్మిదో అంతస్తువారి సాంబారు సాక్షిగా ఒక సంసారం మొదలైంది. ఇప్పటికీ వాళ్ళు బాగానే ఉన్నారని విన్నాను.

ఇంతవరకూ అందరూ సర్దుకున్నారు. తర్వాతే చిక్కు వచ్చింది. ఓ సాయంత్రం లిఫ్టు పాడై, ఉమాపతి వేన్నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని పద్దెనిమిది అంతస్తులూ ఎక్కాడు. చల్లారిపోయాయని వాళ్ళమ్మ ఆ నీళ్ళు వద్దంది. అతను వరండాలోకొచ్చి, "ఛీ, ఒళ్ళు మండిపోతోంది!" అన్నాడు. అప్పుడే తనిఖీకి వచ్చిన సిబ్బంది అది విన్నారు.

మర్నాడు వీరవసంతరావు స్వయంగా విచారించారు. "ఇరవై రెండో అంతస్తునందు మీరు మండినట్లు ఇద్దరు సాక్షులున్నారు."

"అది మాటవరసకి అన్నానండి బాబూ!"

"అన్నట్లు అంగీకరిస్తున్నారన్నమాట. ఎంతసేపు మండారు?"

ఉమాపతి చేతులు జోడించాడు గానీ లాభం లేకపోయింది. న్యాయ సలహా కోసం ఫైలు పైకి వెళ్ళి దిగివచ్చింది. 'మండునది ఏదైనను మంటయే' అని అభిప్రాయం. ఒళ్ళుమంట, కడుపుమంట, నోటిమంట, కళ్ళమంట, అన్నీ షరతు కిందికే వస్తాయి. పచ్చిమిరపకాయ కొరికి నోరు మండినవాళ్ళు కూడా నోరు పట్టుకుని లిఫ్టు కోసం పరుగెత్తడం మొదలుపెట్టారు.

ఇంక సుభాషిణి ఇంటర్‌కంకి క్షణం తీరిక లేదు.

"హలో, 403 అండీ? పద్నాలుగో అంతస్తు నుంచి. మా ఆయన మీద ఒళ్ళు మండుతోందండి. సాయంత్రం ఖాళీ ఉందా?"

"ఆరున్నరకి పదహారువాళ్ళు తిట్టుకుంటున్నారమ్మా. ఏడింటికి రండి. అందాకా ఓర్చుకోండి."

"ఏడింటికి మావారికి క్రికెట్ మ్యాచి ఉందండి."

"అయితే మ్యాచి అయ్యాక రండి. ఓడిపోతే ఆయనకీ మండుతుంది, ఒక్క ట్రిప్పులో అయిపోతుంది."

తొమ్మిదో అంతస్తాయన కొత్త కారు కొన్న రోజున పదకొండు మంది వచ్చి సోఫాలో వరసగా కూర్చున్నారు. ఏం కావాలని అడిగితే, "ఏం లేదండి, ఊరికే," అన్నారు. కడుపుమంట అని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. చాలామంది భార్యాభర్తలు లిఫ్టు కోసం నిలబడేసరికి దేనికి కోపం వచ్చిందో మర్చిపోయి, సగం దారిలో నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళిపోయేవారు. దారిలో ఆరిన మంటలకి లెక్క చెప్పమని శాఖ నుంచి ఉమాపతికి తాఖీదు వచ్చింది.

ఈ గొడవల మధ్య సుభాషిణి చిక్కిపోయింది. నిద్రలో కూడా "లైన్లో ఉండండి" అనేది. ఒకరోజు భర్తతో, "ఏవండీ, మనింట్లో మన ఇద్దరం మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా?" అంది. మార్కండేయులు నోట్లో ఉన్న గారె మింగి తలదించుకున్నాడు. మొదటిసారి ఆయనకి ఉప్పు సరిపోయిందో లేదో తెలియలేదు.

అనుకున్నంతా ఆ ఆదివారం జరిగింది. ఎవరో బూరెలు వేస్తూ, పక్క పొయ్యివారితో మాటల్లో పడ్డారు. మూకుట్లో నూనె భగ్గుమంది. మంట కిటికీ కర్టెనుకి అంటుకుంది. ఇంటినిండా జనం. ఒక్కసారిగా గుమ్మం వైపు తోసుకున్నారు.

"ఎవరూ తోసుకోకండి!" సుభాషిణి గొంతు అందర్నీ దాటి వినపడింది. "పిల్లలు ముందు. తలుపు దగ్గరున్నవాళ్ళు బయటికి నడవండి. పదిహేడు, మీ పొయ్యి కట్టెయ్యండి. ఎనిమిది, ఆ పెద్ద పళ్ళెం ఇలా ఇవ్వండి!" పళ్ళెం తీసుకుని మూకుడు మీద బోర్లించింది. నూనె మంట చచ్చిపోయింది. మార్కండేయులు అందుబాటులో ఉన్న గిన్నె ఎత్తి కర్టెను మీద కుమ్మరించాడు. అది మజ్జిగపులుసు. అప్పుడే ఆయన దాని ఉప్పు చూడబోతున్నాడు. కర్టెను చుయ్యిమంది. దానిమీంచి ఆనపకాయ ముక్కలు ఒక్కొక్కటే జారి కిందపడ్డాయి.

సుభాషిణి నేలమీద అలాగే కూలబడింది. మార్కండేయులు పక్కనే కూర్చుని, పులుసు చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఫైరింజను రెండు వీధుల అవతల నుంచే రావాలి. అయితే గడియార స్తంభం దగ్గర జనం బళ్ళు ఆపి మేడ వంక చూస్తున్నారు. అంతా సద్దుమణిగిన చాలాసేపటికి బాల్కనీ మీదుగా టోపీ కనపడింది, మీసాలు కనపడ్డాయి, వీరవసంతరావు లోపలికి దూకారు.

"మంట ఎక్కడ?"

"ఆరిపోయిందండి," అన్నాడు మార్కండేయులు.

"ఆరిపోయిందా! ఎవరి అనుమతితో?" ఆయన మొహం నల్లబడింది. "ఈ నిచ్చెన వచ్చాక మాకు దొరికిన మొట్టమొదటి మంటండీ ఇది. సిబ్బందికి ఏమని సమాధానం చెప్పాలి? దేంతో ఆర్పారు?"

"మజ్జిగపులుసండి."

"ఆమోదిత ద్రవాల్లో మజ్జిగపులుసు లేదు." ఆయన కర్టెను వాసన చూశారు. కాసేపు తటపటాయించి, గొంతు తగ్గించి, "పోనీ, మళ్ళీ అంటించగలరా? మొత్తం అక్కర్లేదు, ఓ మూల చాలు," అన్నారు.

సుభాషిణి ఆయన వంక చూసిన చూపుకి ఆయనే రెండడుగులు వెనక్కి వేశారు.

వారం తిరిగేసరికి విచారణ సంఘం కూర్చుంది. ఒకే ఫ్లాటులో అన్ని మంటలుండటం అగ్నిమాపక సూత్రాలకి పూర్తిగా విరుద్ధమనీ, అటువంటి ఏర్పాటు చేసినవారెవరో కనుక్కోవాలనీ ఇంజనీర్లు నివేదిక ఇచ్చారు. వీరవసంతరావు కూడా దాన్ని గట్టిగా బలపరిచారు. అయితే మంటలు ఎవరి అంతస్తుల్లో వాళ్ళే పెట్టుకోవాలంటే షరతు ఒప్పుకోదు. నిప్పు నాలుగో అంతస్తులోనే ఉండాలి. మేయరుగారు, ప్రసాదరాజు, అధికారులు మధ్యాహ్నం దాకా తలలు పట్టుకున్నారు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన సుభాషిణి ఓ మూల బల్ల మీద కూర్చుని అంతా విన్నది. ఆమె ఓపిక అయిపోయింది.

"అయ్యా, ఇంత బాధెందుకండి? ఇరవై ఎనిమిది అంతస్తులకీ నాలుగో అంతస్తు అనే పేరు పెట్టెయ్యండి. పీడా పోతుంది!"

అందరూ ఆమె వంక తిరిగారు. తన వెటకారం శ్రుతిమించిందేమోనని ఆమె నాలుక కరుచుకుంది. వీరవసంతరావు మెల్లగా కలం టోపీ తీశారు.

"అంతస్తులకు సంఖ్యలు కేటాయించే అధికారం ఎవరిది?"

"కార్పొరేషనుదే," అన్నాడు ఇంజనీరు.

"అటువంటప్పుడు శాఖకు అభ్యంతరం లేదు. ఆవిడ చెప్పింది ఇంకోసారి చెప్పమనండి, రాసుకుంటాను."

ఒక్క మేయరుగారికే నచ్చలేదు. "ఆగండాగండి. అంతా నాలుగో అంతస్తే అయితే మనది నాలుగంతస్తుల మేడ అయిపోదూ? పక్క జిల్లావాళ్ళకి పద్నాలుగండీ!" అని మెడ తడుముకున్నారు.

ప్రసాదరాజు వ్యాపారస్తుడు. క్షణంలో అందుకున్నాడు. "అదేంటండి మేయరుగారూ, నాలుగులు ఎన్నున్నాయి మనకి? ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది నాలుగులు ఎంతండి?"

మేయరుగారు వేళ్ళు ముడిచి విప్పారు. "నూట పన్నెండు!"

"అదండి మరి!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మర్నాడే భవనం నెత్తిన 'నూట పన్నెండు అంతస్తుల అంబర హైట్స్' అని విద్యుద్దీపాల బోర్డు పెట్టారు. మేయరుగారి మెడనొప్పి పూర్తిగా తగ్గిపోయింది.

జనం తమ పొయ్యిలూ దేవుళ్ళూ మూటకట్టుకుని ఎవరి నాలుగో అంతస్తుకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఉమాపతి చేతులు జోడించి, వాళ్ళమ్మ పంపిన పట్టుచీర సుభాషిణికి పెట్టి వెళ్ళాడు. మార్కండేయులి మంచం మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది. ఇంట్లో చప్పుడు లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దొండకాయ కూర తిన్నారు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

ఆ నవ్వు లిఫ్టు బటన్లు మార్చేదాకా ఉంది. బటన్లన్నిటి మీదా నాలుగే రాశారు. కింది నుంచి వచ్చేవాడు ఏదో ఒక నాలుగు నొక్కుతాడు. లిఫ్టు వాణ్ణి తోచిన చోట దింపుతుంది. దిగి దారి అడిగిన ప్రతివాడూ, నాలుగో అంతస్తంటే ముందు ఊళ్ళో అందరికీ తెలిసిన 403 కే వచ్చేవాడు. పాలవాళ్ళు, కొరియరువాళ్ళు, పెళ్ళిచూపులవాళ్ళు, ఎవరి ఇంటికో వచ్చిన డాక్టరు. ఒకరోజు వేరే ఇంటి చుట్టాలు సంచులతో సహా వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నాలు తిని, రెండో పూట గానీ ఇది తమవాళ్ళ ఇల్లు కాదని కనుక్కోలేదు. పోనీ భోజనం బాగుందా అంటే అదీ లేదు, దొండకాయ.

"పదండి, పోదాం," అంది సుభాషిణి.

ఊరి శివార్లలో, కాలవ గట్టు పక్కన రెండు గదుల పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నారు. పైన అంతస్తు లేదు. పక్కన ఇల్లు లేదు. లిఫ్టు లేదు, ఇంటర్‌కం లేదు. సుభాషిణి వేపచెట్టు కింద కుర్చీ వేసుకుంటే, మార్కండేయులు కొబ్బరి మట్టలు చీల్చి చీపుళ్ళు కట్టేవాడు. అప్పుడప్పుడూ మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరి గొంతులూ బాగున్నాయని ఇద్దరికీ తెలిసింది. ఒకసారి ఆమె తనంతట తనే ఆయనకి నాలుగు బూరెలు వేసి పెట్టింది.

అంబర హైట్స్ విజయంతో కౌన్సిలు ఆగుతుందా? అంతటి గొప్ప నిబంధన ఒక్క భవనానికే పరిమితం కావడం అన్యాయమని తోచి, 'నిప్పు నాలుగో అంతస్తులోనే' అన్న షరతుని నగరం మొత్తానికి వర్తింపజేసింది.

కాలవ గట్టు మీద జీపు ఆగింది. వీరవసంతరావు గేటు తీసుకుని వచ్చి, పెంకుల్లోంచి లేస్తున్న పొగని విచారంగా చూశారు.

"అమ్మా, తమరు బాధ్యత తెలిసినవారు. ఇక్కడ మంట ఉంది, నాలుగో అంతస్తు లేదు. అది ఎలా కుదురుతుంది?"

సుభాషిణి లోపలికి వెళ్ళి ముగ్గు సుద్దముక్క తెచ్చింది. వీధి గుమ్మం మీద ఇంత లావున '4' అని రాసింది.

ఆయన దూరంగా నిలబడి చూశారు, దగ్గరికొచ్చి చూశారు. మొహం తేటపడింది. "ఇప్పుడు సక్రమంగా ఉందమ్మా." మళ్ళీ అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "మరి లిఫ్టేదీ? నాలుగో అంతస్తన్నాక లిఫ్టు ఉండి తీరాలి కదా."

మార్కండేయులు చీపురు పక్కన పెట్టి లేవబోయాడు. సుభాషిణి ఆయన్ని చేత్తో ఆపి, వంటింట్లోంచి పీట తెచ్చి గుమ్మం ముందు వేసింది.

"ఎక్కండి."

వీరవసంతరావు బూట్లు విప్పి పీట మీద నిలబడ్డారు. చేతులు దగ్గరికి ముడుచుకుని, లిఫ్టులో అందరూ చూసినట్టే ఎదురుగా శూన్యంలోకి చూశారు. వేపచెట్టు మీద పిట్ట ఒకటి కూసి ఆగింది. కాలవలో నీళ్ళు వెళ్తున్నాయి.

"నాలుగు వచ్చిందండి. దిగండి," అంది సుభాషిణి.

ఆయన దిగారు. నాలుగు దిక్కులా కలయజూసి, జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. 'లిఫ్టు సాఫీగా, బొత్తిగా చప్పుడు లేకుండా పనిచేయుచున్నది.'